కళ్లు తిరుగుతుంటే ముందు ఏది: మాత్రా, స్కానా, మంచం మీద చేసే చికిత్సా?

మంచం మీద పక్కకు ఒత్తిగిల్లగానే గది గిర్రున తిరిగిందని డాక్టరు దగ్గరికి వెళ్తే మన దగ్గర సాధారణంగా చేతికొచ్చేవి ఇవి: కళ్లు తిరగడానికి ఇచ్చే బీటాహిస్టిన్ మాత్రల చీటీ, మెడకు ఎక్స్‌రే, కాస్త పెద్ద ఆసుపత్రయితే మెదడుకు ఎమ్మారై. ఇవి కొందరికి అవసరమే. కానీ ఎక్కువగా కనిపించే రకం కళ్లు తిరగడానికి ఈ మూడింటితో పని లేదు. దానికి కావలసింది మంచం మీద ఒకటి రెండు నిమిషాల్లో చేసే పరీక్ష, ఆ వెంటనే ఐదు నిమిషాల్లో అయిపోయే చికిత్స. పరికరం అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి మాత్రలు మింగుతున్నవాళ్లు, ఎక్కడ పడిపోతామోనన్న భయంతో గుడికీ బజారుకూ వెళ్లడం మానేసినవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఎవరికి ఏది పనికొస్తుందో, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో పరిశోధనల్లో తేలిన మేరకు చెబుతాను.

ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది

"గిర్రున తిరుగుతోందా, తూలినట్టుందా, బైర్లు కమ్ముతున్నాయా?" అని అడగడం పాత పద్ధతి. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఎమర్జెన్సీకి వచ్చిన రోగులను కొన్ని నిమిషాల తేడాతో ఇదే విషయం రెండుసార్లు అడిగారు. సగం మందికి పైగా జవాబు మార్చేశారు. ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్నవాటికి మాత్రం జవాబులు చాలావరకు నిలకడగా ఉన్నాయి. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఈ రెండూ ఒక కాగితం మీద రాసుకోండి.

పడుకోబోయినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడు వచ్చి నిమిషంలోపే తగ్గిపోతే అది చాలావరకు బీపీపీవీ, అంటే లోపలి చెవిలో స్ఫటికాలు చోటు తప్పడం. కూర్చుని లేచినప్పుడు మాత్రమే కళ్లు బైర్లు కమ్మితే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లలో ఇది తరచూ ఉంటుంది. 20 నిమిషాల నుంచి కొన్ని గంటలదాకా తిరిగి, దానితోపాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మినియర్ వ్యాధిని అనుమానిస్తారు. మైగ్రేన్ తలనొప్పి ఉన్నవాళ్లకు వెలుతురు, చప్పుడు భరించలేనప్పుడు వచ్చే తిప్పుడు వెస్టిబ్యులర్ మైగ్రేన్ కావచ్చు. దీనికి మైగ్రేన్ చికిత్సే చేయించుకోవాలి, చెవి మాత్రలతో కాలం గడపకూడదు.

ఇక ఉన్నట్టుండి మొదలై, గంటలు గడిచినా ఆగకుండా, వాంతులతో మనిషిని మంచానికి కట్టేసేది ఒకటుంది. అది చెవి నరం వాపు కావచ్చు, మెదడు వెనక భాగంలో వచ్చిన పక్షవాతమూ కావచ్చు. మాట తడబడటం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ముఖం వంకరపోవడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, ఎప్పుడూ ఎరగని తలనొప్పి, ఒక చెవి హఠాత్తుగా వినపడకపోవడం, పట్టుకుంటే తప్ప నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇంట్లో నిమ్మరసం, శొంఠి ఇస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

స్ఫటికాలు చోటు తప్పితే: మాత్ర కాదు, తల తిప్పే చికిత్స

లోపలి చెవిలో యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంది. దానిలో కంటికి కనిపించనంత చిన్న కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఒక జిగురు పొరకు అంటుకుని ఉంటాయి. తల ఎటు వంగిందో మెదడుకు చెప్పేది ఇవే. వయసు మీద పడటం వల్లో, తలకు దెబ్బ తగిలో కొన్ని ఊడిపోయి పక్కనున్న మూడు అర్ధవృత్తాకార నాళాల్లో ఒకదానిలోకి జారతాయి, ఎక్కువగా వెనక నాళంలోకి. ఆ నాళం పని తల తిరుగుతోందా లేదా చెప్పడం. తల తిరగడం ఆగిపోయినా స్ఫటికాలు లోపలి ద్రవంలో జారుతూ దాన్ని లాగుతుంటాయి. దాంతో తల ఇంకా తిరుగుతోందని మెదడు అనుకుంటుంది, కనుగుడ్లు అదురుతాయి, గది తిరిగినట్టు కనిపిస్తుంది. స్ఫటికాలు అడుగుకు చేరి ఆగిపోగానే అంతా సర్దుకుంటుంది.

ఇంతవరకు అర్థమైతే చాలు, ఎంపిక సులువు. నాళంలో పడ్డ స్ఫటికాన్ని ఏ మాత్రా బయటికి తేలేదు. తలను ఒక వరుసలో తిప్పి, భూమి ఆకర్షణతోనే దాన్ని వచ్చిన దారిన సంచిలోకి జార్చాలి.

ముందు పరీక్ష. మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరించిన పద్ధతి ఇది. మనిషిని కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూస్తారు. ఆ పక్క చెవిలో తేడా ఉంటే కొన్ని క్షణాలాగి కనుగుడ్లు అదరడం మొదలవుతుంది, నిమిషంలోపే ఆగిపోతుంది. ఏ చెవి, ఏ నాళం అన్నది కళ్లే చెప్పేస్తాయి. స్కానుకు ఈ స్ఫటికాలు కనిపించవు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2017లో సవరించిన మార్గదర్శకాలు కూడా, పరీక్షలో బీపీపీవీ అని తేలి వేరే లక్షణాలేవీ లేనివాళ్లకు స్కాన్‌లు వద్దనే చెబుతున్నాయి. తిప్పుడు ఆపే మాత్రలు మామూలుగా రాసే అలవాటు కూడా వద్దంటున్నాయి.

చికిత్సల్లో అందరికీ తెలిసింది ఎప్లే. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్‌లో చెవి వైద్యుడైన జాన్ ఎప్లే దీన్ని రూపొందించాడు. తల తిప్పితే కళ్లు తిరగడం నయమవుతుందంటే తోటి వైద్యులు మొదట్లో నమ్మలేదు. ఆ పద్ధతి మీద ఆయన వ్యాసం 1992లో గానీ వెలుగు చూడలేదు. ఇవాళ దానికున్న ఆధారాలు ఈ రంగంలో మరే చికిత్సకూ అంతగా లేవని నా అభిప్రాయం. కాక్రేన్ అనేది ఒక చికిత్స మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చెప్పే అంతర్జాతీయ సంస్థ. దాని 2014 సమీక్షలో ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 21 శాతానికి పూర్తిగా తగ్గితే, ఎప్లే చేసినవాళ్లలో 56 శాతానికి తగ్గింది. మొదటిసారి తగ్గనివాళ్లకు మళ్లీ చేస్తారు.

కుడి చెవికైతే ఇలా చేస్తారు. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి తలను కుడికి 45 డిగ్రీలు తిప్పుతారు. అలాగే వెనక్కి పడుకోబెడతారు, తల భుజాల కంటే కాస్త కిందికి వాలాలి. తిప్పుడు తగ్గేదాకా, కనీసం అర నిమిషం ఆగుతారు. తలను ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మళ్లీ ఆగుతారు. తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు దొర్లించి, ముఖం నేలవైపు చూసేలా ఉంచి ఇంకోసారి ఆగుతారు. చివరికి నెమ్మదిగా లేపి కూర్చోబెడతారు. చేస్తున్నప్పుడు తిప్పుడు వస్తుంది, కొందరికి వాంతి కూడా అవుతుంది. భయపడి మధ్యలో లేచిపోకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి. తర్వాత రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలని ఒకప్పుడు చెప్పేవాళ్లు, ఆ కట్టుబాటు అక్కర్లేదని ఇప్పుడు తేలింది.

రెండోది సెమాంట్ పద్ధతి. 1988లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఇందులో మనిషిని ఒక పక్కకు పడుకోబెట్టి, కాసేపాగి, తల తిప్పిన తీరు మారకుండా చకచకా రెండో పక్కకు పడేస్తారు. మెడ వెనక్కి వాల్చలేనివాళ్లకు ఇది మేలు. మోకాళ్లు, తుంటి బాగాలేని పెద్దవాళ్లకు, భారీ శరీరం ఉన్నవాళ్లకు ఆ వేగం కష్టం, వాళ్లకు ఎప్లే మంచిది. సెమాంట్‌లో తలను ఇంకా కిందికి వాల్చే కొత్త రూపం మీద 2023లో 195 మందితో చేసిన పరిశోధన వచ్చింది. దానితో తిప్పుడు సగటున 2 రోజుల్లో పోతే, ఎప్లేతో 3.3 రోజులు పట్టింది. రోగి వైపు నుంచి చూస్తే ఈ తేడా చిన్నదే. మీ డాక్టరుకు ఏది చెయ్యి తిరిగి ఉంటే అదే చేయించుకోండి.

మూడోది బ్రాంట్-డారాఫ్ వ్యాయామం. మంచం అంచున కూర్చుని ఇటూ అటూ పడుకుని లేవడమే, రోజుకు కొన్నిసార్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. దీన్ని కాగితం మీద రాసిచ్చి పంపడం తేలిక కాబట్టి బాగా వ్యాపించింది. కానీ వారం రోజులు రోజూ మూడుపూటలా చేసిన దీని కంటే ఒక్కసారి చేసిన ఎప్లే మెరుగని అదే కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఎప్లే చేసేవాళ్లు అందుబాటులో లేనప్పుడే దీని దగ్గరికి రండి.

ఇంట్లో వీడియో చూసి ఎప్లే చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. మొదటిసారి వద్దు. ఏ చెవో తెలియకుండా చేస్తే ఫలితం ఉండదు. స్ఫటికాలు అడ్డ నాళంలో ఉంటే అసలు ఎప్లే సరిపోదు, దానికి పడుకుని ఒళ్లంతా దొర్లే పద్ధతి వేరే ఉంది. ఒకసారి నిర్ధారణ అయ్యి, డాక్టరో ఫిజియోథెరపిస్టో నేర్పాక, అదే చెవికి మళ్లీ వస్తే ఇంట్లో చేసుకోవచ్చు. మెడ వెన్నెముక సమస్య, మెడ రక్తనాళాల జబ్బు, ఈమధ్యే రెటీనా ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం సొంతంగా చేయకూడదు.

ఇది మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు. ఆ విషయంలో కొరియాలో జరిగిన ఒక పరిశోధన నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లకు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల విటమిన్ డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే, ఇవ్వనివాళ్లతో పోలిస్తే ఏడాదిలో తిరగబెట్టడం 24 శాతం తగ్గింది. పెద్ద ఖర్చు లేని పని. తరచూ తిరగబెడుతున్నవాళ్లు మెడ ఎక్స్‌రేకు పెట్టే డబ్బుతో విటమిన్ డి పరీక్ష చేయించుకోవడం మేలంటాను. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు కాల్షియం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

మెడ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. నలభై దాటిన చాలామందికి ఎక్స్‌రే తీస్తే మెడ ఎముకల్లో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. తిప్పుడుకు అదే కారణమని చెప్పడానికి అది చాలదు. మా పెద్దమ్మ చాలాకాలం మెడకు పట్టీ కట్టుకునే తిరిగింది. తల కదపకుండా ఉంటే తిప్పుడు రాదు కాబట్టి పట్టీ పనిచేస్తోందని నమ్మేది. లోపల స్ఫటికాలు అలాగే ఉండిపోయాయి.

ఆగకుండా తిరుగుతుంటే: స్కాన్ ఒక్కటే చాలదు

ఇక్కడ లెక్క తారుమారవుతుంది. గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వెళ్లాక ఏది నమ్మాలి? సీటీ స్కాన్ మెదడులో రక్తస్రావాన్ని పట్టుకుంటుంది గానీ, చిన్నమెదడు దగ్గర రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతాన్ని తరచూ వదిలేస్తుంది. సీటీ బాగుందని ఇంటికి పంపేస్తే ఊరట పడకండి. ఎమ్మారై నయం, అయినా మొదటి రెండు రోజుల్లో అదీ తప్పొచ్చు.

2009లో అమెరికా వైద్యులు 101 మంది రోగుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. మూడు కంటి పరీక్షలు కలిపి చేశారు: తలను చటుక్కున తిప్పినప్పుడు చూపు నిలుస్తుందా, కనుగుడ్లు అదిరే దిశ మారుతోందా, ఒక కన్ను మూసి తీస్తే అది పైకో కిందికో జరుగుతోందా. మొదటి 48 గంటల్లో తీసిన ఎమ్మారైల్లో కొన్ని పక్షవాతాన్ని పట్టుకోలేకపోయాయి, ఈ మూడు పరీక్షలు మాత్రం పట్టుకున్నాయి. ఇందులో మొదటి పరీక్ష ఫలితాన్ని సరిగ్గా చదవాలి. ఆగకుండా తిరుగుతున్న మనిషికి ఆ పరీక్ష మామూలుగా ఉంటేనే ప్రమాదం, అంటే చెవి బాగుంది, తప్పు మెదడులో ఉంది. శిక్షణ లేనివాళ్లు చేస్తే ఇది పక్కదారి పట్టిస్తుంది. అందుకే ఇలాంటప్పుడు న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికే వెళ్లండి, డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇంకా త్వరపడాలి.

చెవి నరం వాపు అని తేలితే స్టెరాయిడ్ వాడాలా అన్న ప్రశ్న వస్తుంది. 2004లో జర్మనీలో 141 మందితో జరిగిన పరిశోధనలో మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇచ్చినవాళ్లకు ఏడాది తర్వాత చెవి పనితీరు మెరుగ్గా కోలుకుంది, వైరస్ మందు వల్ల ఉపయోగం కనిపించలేదు. అయితే చెవి పరీక్షలో మెరుగుదల వేరు, మనిషి తూలకుండా నడవడం వేరు. రెండోదానికి ఆధారాలు అంత గట్టిగా లేవు. షుగర్ అదుపులో లేనివాళ్లకు స్టెరాయిడ్ వల్ల షుగర్ ఇంకా పెరుగుతుంది కాబట్టి, నేనైతే వాళ్లకు తొందరపడమని చెప్పను. వాంతులు ఆపే స్టెమెటిల్, తిప్పుడు తగ్గించే స్టుజెరాన్ లాంటివి మొదటి రెండు మూడు రోజులకే. ఆ తర్వాత అవి మెదడు కొత్తగా సర్దుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. పెద్దవాళ్లకు నెలల తరబడి వాడితే చేతులు వణకడం, నడక మందగించడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల డబ్బా ఒకసారి ఈ కంటితో చూడండి.

మినియర్ వ్యాధికి: మాత్రలు, ఇంజెక్షన్లు

బీటాహిస్టిన్‌కు న్యాయం చేయాల్సిన చోటు ఇది. మన దేశంలో వెర్టిన్ పేరుతో చాలా ఇళ్లలో ఉండే మందు. మినియర్ వ్యాధిలో దీన్ని పరీక్షించిన పెద్ద పరిశోధన 2016లో జర్మనీ నుంచి వచ్చింది. 221 మంది, 9 నెలలు. కొందరికి మామూలు మోతాదు, కొందరికి పెద్ద మోతాదు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్ర. మూడు గుంపుల్లోనూ తిప్పుడు తగ్గింది, ఒకేలా తగ్గింది. ఈ జబ్బు దానంతటదే హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి మాత్ర వల్లే తగ్గిందని అనిపించడం సహజం. అమెరికాలో ఈ మందుకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. పిల్లల దగ్గరికి అక్కడికి వెళ్లే మన పెద్దవాళ్లు సరిపడా స్టాకు ఇక్కడినుంచే పట్టుకెళ్లేది అందుకే. దీనివల్ల పెద్ద హాని లేదు కాబట్టి మినియర్ ఉన్నవాళ్లు డాక్టరు సలహాతో కొన్నాళ్లు వాడి చూస్తే తప్పు లేదు. తేడా లేకపోతే ఆపేయడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఉప్పు తగ్గించడానికి గట్టి ఆధారాలు తక్కువే, అయినా ఆవకాయ, అప్పడాలు, నిల్వ పచ్చళ్లు తగ్గిస్తే బీపీకైనా మేలే.

మాత్రలతో లొంగనప్పుడు కర్ణభేరి లోపలికి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. జెంటామైసిన్ చెవిలోని సమతూక భాగాన్ని కావాలనే దెబ్బతీసి తిప్పుడు ఆపుతుంది. స్టెరాయిడ్ అలా దెబ్బతీయదు. 2016లో లండన్‌లో 60 మందితో రెండేళ్లు పోల్చి చూస్తే తిప్పుడు జెంటామైసిన్‌తో 87 శాతం, స్టెరాయిడ్‌తో 90 శాతం తగ్గింది. ఫలితం ఒకేలా ఉన్నప్పుడు, వినికిడికి ముప్పు తెచ్చేదాన్ని ముందు ఎంచుకోవడానికి కారణం లేదు. ముందు స్టెరాయిడే అడగండి.

తిప్పుడు పోయినా తూలు మిగిలితే

చెవి నరం దెబ్బతిన్నాక మిగిలే తూలుకు మందు లేదు, వ్యాయామం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లండ్‌లో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు మొదలుపెట్టిన పని ఇది. బొటనవేలి మీద చూపు నిలిపి తల ఇటూ అటూ తిప్పడం, కళ్లు మూసుకుని నిలబడటం, నడుస్తూ తల తిప్పడం లాంటివి. తిప్పుడు కొద్దిగా రావాలి, అది వస్తేనే మెదడు నేర్చుకుంటుంది. అందుకే మొదటి వారం కష్టంగా ఉండి చాలామంది మానేస్తారు, మానకండి. ఖరీదైన యంత్రాలున్న కేంద్రానికే వెళ్లాలా? 2004లో ఇంగ్లండ్‌లో నర్సులు ఒకసారి నేర్పి, చిన్న పుస్తకమిచ్చి ఇంటికి పంపితే 67 శాతం మంది మెరుగయ్యారు, మామూలు వైద్యంతో 38 శాతమే. నేర్చుకోవడానికి ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లి, ఇంట్లో గోడ పక్కన చేసుకుంటే చాలామందికి సరిపోతుంది. రెండు చెవులూ దెబ్బతిన్నవాళ్లకు, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల వల్ల అలా అయినవాళ్లకు మాత్రం నిపుణుల దగ్గర ఎక్కువకాలం పడుతుంది. వాళ్లకోసం అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, లోపలి చెవిలో అమర్చే సమతూక పరికరం (ఇంప్లాంట్) మీద పని జరుగుతోంది. 8 మందికి అమర్చిన ఫలితాలు 2021లో వచ్చాయి. ఇంకా పరిశోధన దశే.

ఎక్కడికి వెళ్లాలి అన్నది చివరి సంగతి. పడుకుంటే, తిరిగితే వచ్చే తిప్పుడుకు ఈఎన్‌టీ డాక్టరు. హైదరాబాద్ వాళ్లకు కోఠిలో, విశాఖ వాళ్లకు ఆ ఊళ్లోనే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి. ఆగకుండా తిరిగితే, తలనొప్పి తోడైతే న్యూరాలజిస్టు. ప్రైవేటుకు వెళ్లేట్టయితే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్లో ఒక మాట అడగండి: "డిక్స్-హాల్‌పైక్ పరీక్ష, ఎప్లే చికిత్స మీ దగ్గర చేస్తారా?" చేస్తామంటే వెళ్లండి. ఆ రోజు తిప్పుడు మాత్ర వేసుకోకుండా వెళ్తే పరీక్షలో కళ్లు అదరడం స్పష్టంగా తెలుస్తుంది, ఆపొచ్చా అని వాళ్లనే ముందుగా అడగండి. ఒంటరిగా బండి మీద మాత్రం వెళ్లకండి.